ఎక్కని బస్సుకు చందా

మేము కారు అమ్మేసినప్పుడు వీధిలో అందరూ నన్ను అడిగింది ఒకటే మాట. "బండి అచ్చిరానేదేటమ్మా?"

అచ్చిరాకపోవడమంటే మా వైపు ఎదురులేని కారణం. ఇల్లు అచ్చిరాకపోతే ఖాళీ చేస్తారు, ఆవు అచ్చిరాకపోతే సంతకి తోలేస్తారు, ఎందుకని ఎవరూ అడగరు. నేను ఆ మాటకి తలూపేసి ఉంటే పోయేది. నోరూరుకోదు కదా, నిజం చెప్పాను. ఎండలు ఎలా మండుతున్నాయో చూస్తున్నాం, గాలి ఎలా పాడవుతోందో చూస్తున్నాం, నేనొక్కదాన్నీ బడికి వెళ్ళి రావడానికి అంత బండి ఎందుకు, బస్సుంది కదా అని. విన్నవాళ్ళు నన్ను జాలిగా చూసి, లోపలున్న మా ఆయన్ని పిలిచి మళ్ళీ అదే అడిగేవారు. "ఆఁ, అచ్చిరానేదు" అనేవారు ఆయన. అప్పటికి వాళ్ళ మనసు కుదుటపడేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా ఊరు పొందూరుకి అవతల, మెయిన్ రోడ్డు నుంచి బాగా లోపలికి ఉంటుంది. బడి పొందూరు దాటాక శ్రీకాకుళం వెళ్ళే దారిలో. ఆ దారి పొడవునా ఒకప్పుడు చింతచెట్లు, నేరేడు చెట్లు రెండు పక్కలా కమ్ముకుని ఉండేవి. రోడ్డు వెడల్పు చెయ్యాలని ఒక వేసవిలో అన్నీ నరికేశారు. బళ్ళు పెరిగిపోయాయి, ఈ రోడ్డు చాలదు అన్నారు. నరికిన మొదళ్ళ మధ్య నుంచి అద్దాలెత్తుకుని, ఏసీ వేసుకుని వెళ్తుంటే, ఆ పెరిగిపోయిన బళ్ళలో నాదీ ఒకటన్న సంగతి రోజూ గుచ్చుకునేది. బడులు తెరిచేలోగా కారు అమ్మేద్దామని ఇంట్లో పోరు పెట్టాను.

మా ఆయన ఊళ్ళోనే ఎరువుల దుకాణం నడుపుతారు. కారు ఆయనకంటే నాకే ఎక్కువ వాడకం. కాబట్టి పెద్దగా అడ్డు చెప్పలేదు. "నీ ఇష్టమే. కానొక మాట. బస్సు ఆగిపోయిన నాడు మళ్ళీ కారు కొనీస్తాను. అప్పుడు నస పెట్టకూడదు" అన్నారు. నేను సరేనన్నాను. ఏళ్ళ తరబడి తిరుగుతున్న బస్సు, అదెందుకు ఆగుతుంది అనుకున్నాను.

మా ఊళ్ళోంచి పొద్దున బయల్దేరే బస్సు అదొక్కటే. సాయంత్రం అదే తిరిగొచ్చేది. కిటికీ పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. విసుగేస్తే చేలకేసి చూసేదాన్ని. స్టీరింగు పట్టుకున్నన్నాళ్ళూ ఆ చేలల్లో ఏం పంట వేశారో కూడా నాకు తెలియదు. నిజం చెప్పొద్దూ, చాలా సుఖంగా ఉండేది. ఒకటే బాధ. బస్సులో ఉండేది నేనూ, పెద్దాసుపత్రికి వెళ్ళే ఒకరిద్దరు ముసలివాళ్ళూను. మిగిలిన ఊరంతా అదే వేళకి, అదే దారిలో, మోటారు సైకిళ్ళ మీదా కార్లలోనూ మా బస్సుని దాటుకుంటూ పోయేది. దాటేటప్పుడు నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపేవారు కూడా.

వానలు వెనకబట్టాక ఒకనాడు కండక్టరు నా ముందు సీట్లో కూలబడ్డాడు. "మేడమ్, ఈ ట్రిప్పు తీసీస్తారంటన్నారండి. డీజిలు కర్సులైనా రావట్నేదంటండి" అన్నాడు. ఈ బస్సు పోతే మా ఇంటి ముందుకి కారు తిరిగొస్తుంది. మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి షేర్ ఆటో ఎక్కుదామంటే, అది నిండితేగాని కదలదు, బడి గంట దానికోసం ఆగదు. క్లాసులో నిలబడి గాలి కాలుష్యం గురించి నేను చెప్పేదంతా పిల్లల దగ్గర ఉత్తుత్తి కబురైపోతుంది. బస్సుని ఎలాగైనా నిలబెట్టుకోవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

మా ఊరికి పెద్ద దిక్కు మా ఆయనకి మేనమామ. పూర్వం సర్పంచిగా చేశారు. నేను వెళ్ళి చెప్పగానే మావయ్యగారు అరుగు మీంచి లేచి నిలబడ్డారు. "మనూరి బస్సు తీసీడానికి ఆళ్ళెవులు? ఊరందరం డిపోకెల్దాం, సూద్దాం" అన్నారు. ఆ మాటకి నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

మర్నాడు నేను బస్సెక్కి వెళ్ళాను. శ్రీకాకుళంలో దిగి, డిపో గేటు దాకా నడిచి వెళ్ళేసరికి ఊరు ఊరంతా నాకంటే ముందే అక్కడుంది. ఎన్ని కార్లో, ఎన్ని మోటారు సైకిళ్ళో! లోపలికొచ్చే బస్సులకి దారి లేకుండా నిలబెట్టేశారు. "ఇంతాలీసెమేటి కోడలా? మాతోపాటు కారులో వచ్చీవలసింది కదా" అన్నారు మావయ్యగారు.

డిపో మేనేజరు కిటికీలోంచి బళ్ళన్నీ చూశాడు. తరవాత మమ్మల్ని చూశాడు. "ఇన్ని బళ్ళున్నాయి కదండీ, మీకు బస్సెందుకు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మావయ్యగారు మాత్రం తొణకలేదు. "ఊరన్నాక బస్సుండాల బాబూ. బస్సు నేని ఊరికి పిల్లనెవులిస్తారు?" అన్నారు. వెనకనున్నవాళ్ళంతా అవునవునన్నారు. మేనేజరు నవ్వాపుకుని, ఉగాది దాకా నడుపుతామనీ, జనం ఎక్కితే ఉంచుతామనీ, ఎక్కకపోతే తీసేస్తామనీ చెప్పాడు.

మర్నాడు పొద్దున చూడాలి మా ఊరి ఆర్భాటం. బస్సుకి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బంతిపూల దండ. అద్దానికి పసుపూ కుంకుమా. టైర్ల కింద నిమ్మకాయలు. డప్పులు. డ్రైవరుకీ కండక్టరుకీ శాలువాలు కప్పి, వేడివేడి ఇడ్లీలు పెట్టి, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. కొబ్బరికాయ కొట్టారు. బస్సు కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే సీట్లన్నీ ఖాళీ. కొబ్బరి ముక్కలు నములుతూ ఊరంతా కిందే నిలబడి చప్పట్లు కొడుతోంది.

మొదటి రోజు కదా, రేపటి నుంచి ఎక్కుతారులే అనుకున్నాను. రేపూ లేదు, ఎల్లుండీ లేదు. ఇక ఉండబట్టలేక సాయంత్రం పూట ఇంటింటికీ తిరిగాను. "బస్సు దాని టయానికి అదెల్తాది. నా టయానికి ఎల్దు కదేటి" అన్నాడు ఒకాయన, ఇంట్లో రోజంతా ఖాళీగా కూర్చునే మనిషి. "అందరూ బళ్ళమీద పోతంటే నేనొక్కడినీ బస్సెక్కితే, బండి అమ్ముకున్నాడనుకోరేటి?" అన్నాడు ఇంకొకాయన, నేను బండి అమ్ముకున్న మనిషినేనని మర్చిపోయి. "నువ్వెక్కతన్నావు కదమ్మా, సాలదేటి?" అంది ఒకావిడ, ఎంతో ప్రేమగా. అందరూ టీ ఇచ్చారు. కాదని ఒక్కరూ అనలేదు, ఎక్కుతామనీ అనలేదు. ఇంటికొచ్చి కోపమంతా గిన్నెల మీద చూపించాను.

చివరికి మళ్ళీ మావయ్యగారి దగ్గరికే వెళ్ళాను. "బస్సు ఖాళీగా పోతోందండీ. మీరు ఒక మాట చెబితే వింటారు" అన్నాను. ఆయన శ్రద్ధగా విని, "అర్తమైంది కోడలా. ఇంక నాకొగ్గీ, నేన్సూసుకుంటాను" అన్నారు. ఎంత ధైర్యమొచ్చిందో చెప్పలేను. ఆ వారమంతా ఆయన మనుషులు ఇంటింటికీ తిరగడం నా కళ్ళతో చూశాను.

ఇక్కడ మా ఊరి అమ్మవారి పండగ సంగతి చెప్పాలి. పండక్కి ఇంటింటి నుంచీ చందా తీస్తారు. చందా ఇచ్చిన ఇంటివాళ్ళు విశాఖపట్నంలో ఉన్నా, ఇంకెక్కడున్నా, పండగ చేసుకున్నట్టే లెక్క. వాళ్ళ వాటా ప్రసాదం వాళ్ళకి పంపుతారు. రాలేదని ఎవరూ తప్పుపట్టరు. చందా ఇవ్వకుండా వచ్చి ముందు వరసలో నిలబడినవాడినే తప్పుపడతారు.

ఆ తరవాత ఒక పొద్దున నేను బస్సులో కూర్చుని ఉండగా మావయ్యగారు పెద్దలందర్నీ వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో తువ్వాలు మూట. దాన్ని కండక్టరు చేతిలో పెట్టి, "మా ఊరి చందా. ఇంటికో టికెట్టు సొప్పున కొట్టీ" అన్నారు.

కండక్టరుకి అర్థం కాలేదు. "ఎవరెవరు ఎక్కుతారండి?" అన్నాడు.

"ఎక్కడమెందుకు? టికెట్టు డబ్బులిస్తన్నాం కదా. ఇంక బస్సుకి నష్టమేటి?"

కండక్టరు రెండు చేతులూ జోడించాడు. "మనిషి నేకండా టికెట్టు కొడితే సెకింగులో నా ఉజ్జోగం పోతాదండి. మీకు దణ్ణం పెడతాను, ఈ డబ్బు తీసుకెల్లిపోండి బాబూ." మావయ్యగారి మొహం ఎర్రబడింది. "మా ఊరి డబ్బు సెల్లదేటి నీకు?" అని గట్టిగా అరిచారు.

నేను దిగాను. "మావయ్యగారూ, కావలసింది డబ్బు కాదండీ, మనుషులు. మీరే మొదలుపెట్టండి. ఇప్పుడే ఎక్కండి" అన్నాను. ఆయన నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసి, "నాకిప్పుడు పొందూర్లో పనేటున్నాది కోడలా?" అన్నారు. పెద్దలంతా వెనుదిరిగి, వీధి చివర నిలబెట్టిన బళ్ళెక్కి పొందూరు టీ తాగడానికి వెళ్ళారు. మా బస్సుని దారిలో దాటారు కూడా. ఈసారి ఎవరూ చెయ్యి ఊపలేదు.

సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి రామకోవెల అరుగు మీద తీర్మానం అయిపోయింది. పువ్వుల్లో పెట్టి ఇచ్చిన ఊరి సొమ్ముని కండక్టరు నలుగురిలో తిరగ్గొట్టాడు. మన మర్యాద తీసిన బస్సుని ఇకమీదట ఎవరూ ఎక్కకూడదు. ఇదీ కట్టుబాటు. ఎన్నడూ ఎక్కని బస్సుని వాళ్ళు ఎక్కడం మానేశారు! ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళని కూడా ఆటోలు మాట్లాడి పంపించారు. రహదారి మీద ఉమ్మొద్దంటే వినరు, చెత్త తగలబెట్టొద్దంటే వినరు. ఈ కట్టుబాటు మాత్రం పొల్లుపోకుండా పాటించారు. నేను ఉద్యోగస్తురాల్ని కాబట్టి నన్ను మన్నించామని మా ఆయనకి కబురు పంపారు. ఆయన నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోకుండా ఏడ్చాను.

ఉగాది వెళ్ళాక ఒక పొద్దున బస్సు రాలేదు. చాలాసేపు నిలబడ్డాను. దుకాణం తాళం తీయబోతున్న మా ఆయన నన్ను దూరం నుంచి చూసి, మోటారు సైకిలు తెచ్చి బడి దగ్గర దింపారు. ఆ వేసవిలోనే కారు కొన్నారు. ఇచ్చిన మాట కాబట్టి నేను నస పెట్టలేదు.

కారు తీసిన మొదటి రోజే వీధి చివర ఒకావిడ చెయ్యెత్తింది. పొందూరులో దింపమంది. ఖాళీ సీట్లతో బండి నడపడం నాకే కిట్టదు, ఎక్కించుకున్నాను. మర్నాడు ముగ్గురయ్యారు. ఇప్పుడు నా కారు రోజూ నిండుగా కదులుతుంది. బస్సు కదిలే వేళకే కదులుతుంది. కాస్త ఆలస్యమైతే కేకలేస్తారు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక మావయ్యగారు మోటారు సైకిలు మానేశారు, ముందు సీటు ఆయనదే. ఆయన బెల్టు పెట్టుకుంటూ ఉంటే నాకు ఒక్కొక్కప్పుడు కారు అక్కడే ఆపేసి దిగిపోవాలనిపిస్తుంది. పెద్దవారు, ఏమంటాను?

మొన్న వెనక సీట్లో ఆడవాళ్ళు ఒకటే గోల. "ఆడోలకి బస్సు ఊరికినే అంటన్నారు కదా. అన్నూళ్ళోలూ ఎక్కి తిరగతన్నారు. మనకేటి ఈ కర్మ, బస్సే నేదు" అంది ఒకావిడ.

మావయ్యగారు వెనక్కి తిరిగారు. "ఇది సేలా అన్యాయం. ఊరన్నాక బస్సుండాల" అన్నారు. తరవాత నాకేసి తిరిగి, "కోడలా, వచ్చే సోమారం సెలవు పెట్టు. నీ కారులో డిపోకెల్లి గట్టిగా అడిగీద్దాం" అన్నారు.

"బస్సొస్తే ఎవరెక్కుతారు మావయ్యగారూ?" అని అడిగాను.

"ముందు బస్సు రానీ కోడలా" అన్నారాయన. "ఎక్కడానికి నీ కారున్నాది కదేటి."