లై డిటెక్టర్ పట్టుకున్న పేరు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. ముదినేపల్లిలో చేపల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. మీటర్ చూపించిన అంకె తప్ప ఇంకేదీ నమ్మని మనిషిని. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఒక యంత్రం చూపించిందే.

రెండేళ్ల క్రితం కేంద్ర ప్రభుత్వంలో భద్రతకు సంబంధించిన ఒక ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. రాత పరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కాను. వయసు రీత్యా నాకు అదే ఆఖరి అవకాశం. చివరగా లై డిటెక్టర్ పరీక్ష ఉంటుందని, దానికి బందరు రావాలని లెటర్ వచ్చింది.

పాత ఆఫీసు మేడ మీద గది. మిట్టమధ్యాహ్నం. పరీక్ష చేసే అధికారి వేరే ఊరి నుంచి వచ్చాడు. నా నమస్కారానికి తల కూడా ఎత్తలేదు.

"కూర్చో. కదలకు. అడిగినదానికే జవాబు చెప్పు," అన్నాడు.

ఛాతీకి, పొట్టకి బెల్టులు బిగించాడు. జబ్బకి బీపీ చూసే పట్టీ, వేళ్లకి క్లిప్పులు. చెయ్యి తిమ్మిరెక్కుతోందని చెప్తే వినిపించుకోలేదు.

ముందు యంత్రాన్ని సరిచూసుకోవాలట. ఐదు పేర్లు చదువుతాడు. నా పేరయితే అవునని, కాకపోతే కాదని చెప్పాలి. రమేష్, కాదు. సుబ్బారావు, కాదు. నాంచారయ్య, కాదు. శ్రీనివాసరావు, అవును. ప్రసాద్, కాదు.

వరస మార్చి మళ్లీ చదివాడు. అలా నాలుగుసార్లు. అప్పుడు స్క్రీన్ నావైపు తిప్పాడు. గీతలన్నీ మామూలుగానే ఉన్నాయి. రెండు చోట్ల మాత్రం నిటారుగా లేచాయి. నాంచారయ్యకి కాదన్నచోట, నా సొంత పేరుకి అవునన్నచోట. నాలుగుసార్లూ అంతే.

"నాంచారయ్య ఎవడు?"

"తెలీదండీ. మావైపు ఊరికొకళ్లుంటారు ఆ పేరుతో. మా బంధువుల్లో మాత్రం ఎవరూ లేరండీ."

"నువ్వే నాంచారయ్యవి. శ్రీనివాసరావు బదులు వచ్చి కూర్చున్నావ్."

ఆధార్ కార్డు, టెన్త్ సర్టిఫికెట్ చూపించాను. టేబుల్ మీదకి విసిరాడు. కాగితాలు ఎవడైనా తెస్తాడన్నాడు. పోలీసు కేసు పెడతానన్నాడు. ఆ పేరు మీకెక్కడ దొరికిందని అడిగితే, ఈ జిల్లాలో ఎక్కువగా వినపడే పేర్లు రాసుకున్నాను, నీకెందుకన్నాడు. దాదాపు రెండు గంటలు, బెల్టులు విప్పకుండానే, అవే ప్రశ్నలు. ఒక దశలో లేచి అతన్ని కొట్టాలనిపించింది. చివరికి, పుట్టిన ఊరి రిజిస్టరు నకలు తెమ్మని రెండు వారాలు గడువిచ్చాడు.

ఇంటికొచ్చి జరిగింది అమ్మకు చెప్పాను. చేపలు తోముతోంది. ఆ పేరు వినగానే చెయ్యి ఆగిపోయింది.

"ఎవడ్రా చెప్పింది నీకు? చచ్చేదాకా మీ నాన్న కూడా ఎత్తలేదే ఆ పేరు!"

అంత కోపం ఆమెలో ఎప్పుడూ చూడలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పింది.

మేం కవలలం. దివిసీమలో పుట్టాం. ఎనిమిదో నెలలో ఇద్దరికీ జ్వరం వచ్చి ఒకడు పోయాడు. పోయినవాడు శ్రీనివాసరావు. పంచాయతీలో రాయించడానికి నాన్న వెళ్లాడు.

"మీ నాన్నకి మీరిద్దరూ ఒకేలా కనపడేవాళ్లు. మనిషి మనిషిలా లేడు ఆ రోజు. నాంచారయ్య పోయాడని రాయించొచ్చాడు. మార్చాలంటే సాక్షుల్ని తెమ్మన్నారు, తిరగమన్నారు. మాకు ఓపిక లేక, బతికిన నీకు శ్రీనివాసరావు అనే పేరే ఉంచేశాం."

ఆ ఏడాదే ఊరు వదిలి ఇటొచ్చేశారు. నాకు ఒక తోబుట్టువు ఉండేవాడని ఇరవై తొమ్మిదేళ్లు ఎవరూ చెప్పలేదు.

హంసలదీవి దగ్గర ఆ ఊరికి వెళ్లాను. పంచాయతీ ఆఫీసులో ఒకావిడ పాత రిజిస్టరు తీసింది. పుట్టుకల్లో ఒకే తారీఖున రెండు పేర్లు. మరణాల్లో ఒకటి. నాంచారయ్య, ఎనిమిది నెలలు.

"మీకేమవుతాడండీ?" అంది.

నేనే అనబోయి, "తమ్ముడండీ," అన్నాను.

జరిగినదంతా రాసి, అమ్మ సంతకంతో, నకళ్లు జతచేసి బందరు తీసుకెళ్లాను. ఆ అధికారి సగం చదివి, "కథ బాగా అల్లావ్," అన్నాడు. నెల తర్వాత ఒక్క వాక్యంతో ఉత్తరం వచ్చింది, ఎంపిక కాలేదని.

ల్యాబ్‌లో నా స్నేహితుడు ఒకడు, భయపడ్డావు కాబట్టే గీత లేచిందంటాడు. కానీ నాలుగుసార్లూ అయ్యేదాకా నేను స్క్రీన్ చూడలేదు. ఎక్కడ భయపడాలో నాకు తెలియదు. ఎనిమిది నెలల పిల్లాడికి పిలిచిన పేరు గుర్తుంటుందా? ఉందనే అనుకుందాం. మరి శ్రీనివాసరావు అన్నప్పుడు ఎందుకు లేచింది? ఇన్నేళ్లూ ఆ పేరుతో బతికినవాణ్ని కదా.

మొన్న గుడివాడ బస్టాండులో బస్సెక్కి కూర్చుంటే వెనకనుంచి ఎవరో, "ఒరేయ్ నాంచారయ్యా!" అని కేకేశారు. ఇంకెవరినో పిలుస్తున్నారని తెలుసు. తిరిగి చూడకుండా ఉండటానికి ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఎందుకలా అయిందో ఇప్పటికీ చెప్పలేను.