మొద్దు కొసన నా బరువు

మొన్న మిర్యాలగూడలో మా మనవడి కార్ఖానాకు కొత్త రంపం యంత్రం వచ్చింది. పైన కమ్మీకి వేలాడే గుండ్రటి పళ్ల చక్రం, ముందుకు లాగితే కట్టెను అడ్డంగా కోసేస్తుంది. బిగించడానికి వచ్చిన మేస్త్రీ మూలమట్టం పెట్టి చక్రం సరిగ్గా నిలిచిందో లేదో చూసి, కట్టెను వెనక పట్టీకి ఆనించి బిగించాలనీ, చెయ్యి కోతదారికి దూరంగా ఉంచాలనీ, తెగిపడే ముక్కను పట్టుకోరాదనీ చెబుతుంటే, మావాడు చక్రం కిందే చెయ్యి పెట్టి బజారు చూస్తున్నాడు! "చెయ్యి తియ్యిరా గాడిదా!" అని నేను అరిచిన అరుపుకు కార్ఖానా అంతా నవ్వింది. నవ్వనీ.

చేతిరంపాల ఆ రోజులు చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పెన్‌పహాడ్ దగ్గరి మా ఊళ్లో నా పెనిమిటీ, ఆయన అన్న, అంటే మా బావగారూ, చెరో పక్కన రంపం పట్టి కోసేవారు. మొద్దును రెండు అడ్డకట్టెల మీద పెట్టి, లావుపాటి మొదలు బయటికి వేలాడేట్టు జరిపి, అది దిగిపోకుండా సన్నపాటి కొసన కొత్త కోడలినైన నన్ను కూర్చోబెట్టేవారు. కోత పూర్తయి బావగారు "లెవ్వమ్మా" అనేదాకా నేను కదలకూడదు.

తుపాకుల దండు వచ్చిన పొద్దు కూడా అక్కడే కూర్చున్నాను. దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్ల బరిసెలకు కర్రలు చేసింది నా పెనిమిటే అని ఎవడో చాడీ చెప్పాడు. నిజమే, చేశారు. వాళ్లు ఆయన్ను తుపాకీ మడమలతో కుళ్లబొడిచి, కుడిచేతిని కోతగీత మీద చాపించారు. నాయకుడు మొదలు పక్కన నిలబడి ఆ మణికట్టును పట్టుకుని, రంపం బావగారి చేతికిప్పించి, "నీ తమ్ముని చెయ్యి నువ్వే కొయ్యి, లేకుంటె ఇద్దర్ని ఖతం చేస్త" అన్నాడు.

బావగారు రంపం ఆనించారు. పళ్లు దిగి నెత్తురు కారింది. అప్పుడు నా వైపు చూసి, రోజూ అనే గొంతుతోనే, "లెవ్వమ్మా" అన్నారు. ఇంకా కోత కాలేదే అనుకున్నాను. అంతలో నాయకుడి కాళ్లు వేలాడే మొదలు కిందే ఉండటం కనబడింది. లేచాను. కొస పైకెగిరి, మొదలు దబ్బున వాడి పాదాల మీద పడి ఎముకలు పటపట విరిగాయి. పట్టు వదలగానే నా పెనిమిటి పెరటి గోడ దూకి జొన్నచేలో పడ్డారు. బావగారు పరుగెత్తలేదు, రంపం అడ్డం పెట్టుకుని గోడ ముందు నిలబడిపోయారు. గడ్డివాములో దూరిన నేను అంతా చూశాను. కాల్చారు, పడ్డాక కూడా బూటుకాళ్లతో తొక్కారు, ముండాకొడుకులు.

దక్కిన ఆ చేత్తో నా పెనిమిటి ముసలితనం దాకా కట్టె కోశారు. ఇప్పుడు కట్టెను ఇనుప బిగింపులే పట్టుకుంటాయి, కొసన కోడలు కూర్చోనక్కర్లేదు. మంచిదే, ఎవరి చెయ్యీ పోదు. కానీ ఆ పిలుపు కూడా దాంతోపాటే పోయింది అనుకుంటూ నేను కార్ఖానాలో ఓ మూల బల్లమీదే కూర్చుండిపోతే, మనవడు వచ్చి నా రెక్క పట్టుకుని, "లెవ్వు నానమ్మా, ఇంటికి పోదాం" అన్నాడు.

లేవలేకపోయాను. మోకాళ్ల నొప్పులనుకున్నాడు, పాపం.