బావ తెచ్చిన రాయి

మా అక్క మొగుడూ నేనూ చిన్న క్వారీ లీజుకు తీసుకుని, క్రషర్ కోసం కంచరపాలెంలో మిషన్ల షాపుకెళ్లాం.

"పెద్ద బండలైతే ముందు జా క్రషర్‌తో పగలగొట్టాలి. చిన్న రాళ్లయితే కోన్ క్రషర్ ఒక్కటే సాలు. మీ రాయి ఏపాటిదో ఒకటి తెచ్చి చూపండి," అన్నాడు షాపాయన.

మర్నాడు బావ కొబ్బరికాయంత రాయి తెచ్చాడు. కోన్ క్రషర్ ఒక్కటే కొన్నాం.

తీరా చూస్తే మా క్వారీలో ఒక్క బండా దాని నోట్లో పట్టలేదు. నాకు ఒళ్లు మండింది.

"పెద్ద రాయి తెత్తే నా స్కూటర్ ఏటవుద్ది బామ్మర్దీ?" అన్నాడు బావ.

ఆయన చేతిలో సమ్మెట పెట్టాను.

మొన్న షాపాయన క్వారీకొచ్చాడు. "కంకర బానే పడతంది! మరి జా క్రషర్ ఏదండీ?"

"నానేనండి," అన్నాడు బావ, ఎత్తిన సమ్మెట దించకుండానే.