సోని జీపు గెడ్డ దాటిన రోజు

మా సోనికి డ్రైవింగు నేర్పింది మనిషి కాదు, మలేరియా. కొండ కింద మిషన్ బంగళాలో రోనాల్డ్ ఫాదర్‌కి ఆవిడ వంట చేసేది. ఒక వానాకాలం ఫాదర్‌కి జ్వరం ముదిరి మంచం మీంచి లేవలేకపోయాడు. డ్రైవరేమో సెలవులో ఉన్నాడు. సంతకి వెళ్ళేటప్పుడు పక్కన కూర్చుని డ్రైవరు కాళ్ళూ చేతులూ చూడ్డం తప్ప సోనికి బండి సంగతి ఏమీ తెలియదు. అయినా ఆయన్ని దుప్పట్లో చుట్టి జీపెక్కించి, మొదటి గేరులోనే ఆసుపత్రి దాకా లాక్కుపోయింది. దారంతా ఫాదర్ ప్రార్థన చేస్తూనే ఉన్నాడట. జ్వరం తగ్గాలని మాత్రం కాదని తర్వాత ఆయనే చెప్పి నవ్వేవాడు. ఆ పైన దగ్గరుండి లైసెన్సు ఇప్పించాడు. చర్చికి కొత్త కారు వచ్చాక ఆ పాత డీజిలు జీపుని సోనికే ఇచ్చేశాడు.

నేను ఆ ఊరి ఆశా వర్కర్ని. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని ఆ జీపులో ఎన్నిసార్లు ఎక్కించానో నాకు తెలుసు. అందుకే దాన్ని ఎవరైనా డొక్కు బండి అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాకందరికీ కొండవాలున తలా కాస్త కాఫీ తోట ఉంది. ఎప్పుడూ పండు ఎండబెట్టి షావుకారుకి ఇచ్చేవాళ్ళం. ఆయన చెప్పిందే ధర, ఆయన తూచిందే తూకం. ముంచింగిపుట్టు రోడ్డు మీద సొసైటీ వాళ్ళు పండు తోలు వలిచే మిషను పెట్టాక, పచ్చి పండే అక్కడికి చేర్చాలని మా ఆడవాళ్ళ సంఘం అనుకుంది. అయితే కోసిన మర్నాడు సాయంత్రంలోగా పండు మిషను దగ్గర ఉండాలి. ఆలస్యమైతే పులిసిపోతుంది, పులిసిన పండుని వాళ్ళు ముట్టుకోరు. కిందటేడు మాట్లాడుకున్న వ్యాను రాలేదు. బస్తాల్లోనే పండు కంపు కొట్టింది. కనక పిన్ని తన బస్తాల పక్కన కూలబడి ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను.

ఈ ఏడు సంఘం కూర్చున్నప్పుడు ఆ కనక పిన్నే అడ్డం తిరిగింది. మిషనూ వద్దు, మీ మాటలూ వద్దు, షావుకారే నయం అంది. సగం మంది తలలూపారు. అప్పుడు సోని లేచింది.

"నాను తీస్కెల్తాను. నా బండి దారిలో ఆగిపోనాదంటే, ఇంకెప్పుడూ మిషను మాట ఎత్తను. మీరూ ఎత్తొద్దు" అంది.

అంటే ఆ ఒక్క జీపు మీద ఊరంతటి పంటా ఆధారపడింది. ఇంత పెద్ద మాట అనేముందు నన్నొకసారి అడగొచ్చు కదా అని నేను లోలోపల తిట్టుకున్నాను.

డిసెంబరులో, తుపాను వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. వెనక పండు బస్తాలు, బస్తాల మీద కనక పిన్ని, నేను, సోని మొగుడు బుధు. బుధు తను చెట్ల నుంచి పోగు చేసిన గుగ్గిలం ముద్ద, కొంచెం తేనెమైనం కూడా అమ్ముదామని మూట కట్టుకున్నాడు. మెట్ట దిగుతుంటే వాన కోసేసిన రోడ్డులోంచి రాయి ఒకటి లేచి కింద ఠంగుమని తగిలింది. సోని పట్టించుకోలేదు. కాసేపటికి డీజిలు వాసన గుప్పుమంది. దిగి చూస్తే మేము వచ్చిన దారి పొడవునా నల్లటి చార. తుప్పు పట్టిన టాంకు అడుగున వెంట్రుకంత పగులు, దాంట్లోంచి ధారగా కారుతోంది.

సంత రోజు కాదు, ఆ దారిన ఇంకో బండి రాదు. కనక పిన్ని బస్తాలకేసి చూసిన చూపే చాలు.

సోని అంబలి గిన్నె ఖాళీ చేసి ధార కింద పెట్టింది. బుధు చొక్కా చేతులు మడిచాడు. అంబలి పోసుకునే ఎండు ఆనపకాయ బుర్రలు పగిలితే మా చుట్టుపక్కల ఆయన అతుకే అతుకు. ఆయన వేస్తే ఆనపబుర్ర మళ్ళీ కారదు. జీపుకి దూరంగా పుల్లలు ముట్టించి, టిఫిన్ మూతలో గుగ్గిలం, మైనం కలిపి కరిగించి, ఆకుమీద తెచ్చి పగులుకి అద్దాడు. ధార ఆగింది. బుధు మా వంక చూసి మీసం మెలేశాడు. మళ్ళీ బయల్దేరి రెండు మలుపులు తిరిగామో లేదో వాసన మళ్ళీ మొదలైంది. చూస్తే అతుకు మెత్తబడి, పాకం పట్టిన బెల్లంలా సాగుతూ వేలాడుతోంది. బుధు ముఖం మాడిపోయింది.

సోని ఆ జిగురు వేళ్ళకి పట్టించుకుని చూసింది. ఫాదర్ వంటింట్లో ఎన్నో పనసకాయలు కోసిన చేతులవి. పనస జిగురు వదలాలంటే చేతికి నూనె రాయాలి. జిగురుకి నూనె పడదు, డీజిలూ నూనే కదా అంది. నా సంచిలో బట్టల సబ్బు ఉంది. టౌనుకి వెళ్ళేటప్పుడు మేం దారిలో పారే గెడ్డలో స్నానం చేసి మంచి చీర కట్టుకుని గాని ఊళ్ళో అడుగుపెట్టం. సబ్బు నూనెలో కరగదంటూ దాన్ని తీసుకుని సోని గోళ్ళతో గీకి, పిండిలా పిసికి, పగులులోకి బొటనవేలితో గట్టిగా కూరింది. చుక్క పడలేదు. గిన్నెలో పట్టిన డీజిలు తిరిగి పోశాం. నేను సంబరపడి మళ్ళీ జీపెక్కాను.

ఆ సంబరం గెడ్డ దాకానే. పైన కురిసిన వానకి గెడ్డ చక్రాలు సగం మునిగేంత లోతుగా పారుతోంది. సోని ఒడ్డున బ్రేకు వేసి ఇంజను ఆపేసింది. టాంకు అడుగు నీళ్ళలో మునుగుతుంది. నీళ్ళలో సబ్బు నిలవడమేమిటి? అవతల ఒడ్డు ఎక్కేలోపు అది కరిగితే నడి గెడ్డలో డీజిలూ పోతుంది, పండూ పోతుంది.

"ఎనక్కి ఎల్లిపోదుమే సోనీ. ఎండబెట్టుకుందుము" అంది కనక పిన్ని. దెప్పుతున్నట్టు కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

సోని జీపు కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, టాంకుని చూస్తూ ఉండిపోయింది. తర్వాత అక్కణ్నుంచే మొగుణ్ని పిలిచింది.

"గుగ్గిలం ఇంకా ఉన్నాదా? సబ్బుకి నీలంటే బయం. నీ గుగ్గిలానికి నూనంటే బయం. లోన సబ్బు ఉంటే నూని బయిటికి రాదు. పైన గుగ్గిలం ఉంటే నీలు లోనికి రావు. బేగి కరిగించు."

బుధు నోరెళ్ళబెట్టి, మరుక్షణం పుల్లలకి పరిగెత్తాడు. సోని సబ్బు చుట్టూ ఉన్న టాంకు రేకుని పొడి బూడిదతో జిడ్డు పోయేదాకా తోమింది, అచ్చం మాడిన గిన్నె తోమినట్టే. నా సంచిలోంచి బ్యాండేజీ గుడ్డ మొత్తం లాగిచ్చాను. సబ్బు మీద గుడ్డ, గుడ్డ మీద గుగ్గిలం, మళ్ళీ గుడ్డ, మళ్ళీ గుగ్గిలం. అంచులు రేకుకి పట్టేలా బుధు వేళ్ళు కాలుతున్నా ఒత్తాడు. తన పని మీద తనకెంత అభిమానమో అప్పుడు చూశాను. అది చల్లారి రాయిలా గట్టిపడేదాకా ఆగాం.

బరువు తగ్గాలని మేం ముగ్గురం దిగి ముందు నడిచాం. నీళ్ళు మోకాళ్ళ దాకా తగిలాయి. వెనక ఇంజను రొద. తిరిగి చూడాలంటే భయం వేసింది. జీపు నడిమధ్య ఒకసారి మూలిగి, పక్కకి ఒరిగి, మళ్ళీ కదిలింది. సోని పెదవి కొరుక్కుంటూ స్టీరింగు మీదికి వంగి ఉంది. నీళ్ళు కారుతూ జీపు ఒడ్డెక్కగానే బుధు కిందికి దూరిపోయాడు. బయటికి వచ్చి అరచెయ్యి చూపించాడు. తడి ఉంది, డీజిలు లేదు. నేను గట్టిగా అరిచేశాను. ఆ అరుపుకి కనక పిన్ని కూడా నవ్వింది.

మిషను షెడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి మనిషి బస్తా మూతి విప్పి, చెయ్యి లోపలికంటా దోపి, పిడికెడు పండు తీసి వాసన చూశాడు. వెంటనే బస్తా ఎత్తి మిషనులో గుమ్మరించాడు. ఎర్రటి తోలు ఒక వైపు, తెల్లటి గింజ ఒక వైపు పడుతుంటే సోని అక్కడే నిలబడి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోను. మా ఊరి పండు మొదటిసారి షావుకారు మొహం చూడకుండా గింజయింది.

బస్తాలన్నీ అయిపోయాయి. కనక పిన్ని మాత్రం ఎటూ కదలక, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"సోనీ, నిన్న కోసినవి ఇంకో రెండు బస్తాలు ఇంటికాడ దాచీసినాను. నమ్మలేకపోనాను. సీకటి పడీలోగా తెచ్చీగలవా?"

సోని కళ్ళు తుడుచుకుని తాళం చేతిలోకి తీసుకుంది.

"ముందు సీట్లో కూకో పిన్నీ" అంది.