బావి నీళ్లు తాగిన కాగితం

నూజివీడు స్టేషనరీ షాపులో ఫిలోమినా క్రిస్మస్ కార్డుకి కాగితం కొంటుంటే వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ, ఆవిడకేం.

"ఇది చూడండి మేడం, ఎలా మెరుస్తుందో" అంటూ షాపాయన నున్నటి అట్ట తీశాడు.

ఆవిడ వేలు తడి చేసుకుని దాని మూలకి అద్దింది. తడి పైపైనే జారిపోయింది.

"మెరిసేది నీళ్లు తాగదండీ. రంగు ఎక్కడ నిలబడుద్ది?"

డ్రాయింగ్ షీటు ఇచ్చాడు. తడి వేలితో రుద్దేసరికి పొట్టు లేచింది. చివరికి గరుగ్గా, మందంగా ఉన్న కాగితమొకటి తడిని మెల్లగా లోపలికి పీల్చుకుంది. అదే కొంది.

ఫిలోమినా అక్క రోజ్‌మేరీ ఎక్కడో ఉత్తరాదిన ఒక మఠంలో ఉంటుంది. అందులో చేరినవాళ్లు మళ్లీ ఇంటికి రారు. సొంతూరు ముసునూరు నుంచి బయల్దేరిన రోజు పెరట్లో బావి నీళ్లు కడుపునిండా తాగి, "వీటిని మళ్లీ ఎప్పుడు తాగుతానో" అంది. నీళ్లని పోస్టులో పంపలేం కదా! అందుకే ఏటా క్రిస్మస్‌కి ఫిలోమినా ఆ బావి నీళ్లతోనే కాగితాన్ని బాగా తడిపి, ఆ తడి మీదే రంగులు వదులుతుంది. అవి వాటంతటవే పాకి మామిడి పూతలా విచ్చుకుంటాయి. కాగితం ఎన్ని నీళ్లు తాగితే అక్కకి అన్ని నీళ్లు అందినట్టని ఆవిడ నమ్మకం.

పండగనాడు మఠం నుంచి ఫోనొచ్చింది.

"కార్డు అందిందే. మన బావి నీళ్లేనా?"

"అవే అక్కా. ఈసారి బాగా తాగించాను."



"బుగ్గకి ఆనించుకుని చూశాను ఫిలో. తడంతా ఆరిపోయిందే."