గ్రేసమ్మ టీచర్ పరుగు, నా కాపలా

మొన్న శనివారం ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల పోయే బస్సులో నా పక్క సీట్లో ఒక ముసలాయన కూర్చున్నాడు. మోకాళ్ళకు కర్పూరం వేసి కాచిన నూనె రాసుకున్నట్టున్నాడు, వాసన గుప్పుమంది. ముందు సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వారమంతా హాస్టల్ పిల్లలతో వేగి ఒళ్ళు హూనమై, ఎక్కడ కునుకు దొరుకుతుందా అని చూస్తున్న నాకు మాత్రం నిద్ర ఎగిరిపోయింది. మూడేళ్ళు తెల్లవారుజామున నాకు తోడున్న వాసన అది. మంచిర్యాలలో మా పక్క పోర్షన్లో పక్షవాతంతో మంచం పట్టిన దానియేలు కాకకు, ఆయన భార్య గ్రేసమ్మ టీచర్ రోజూ రాసే నూనె వాసన. ఈ గ్రేసమ్మ టీచరే నాకు పరుగు నేర్పింది. నేర్పింది గాని, మేమిద్దరం కలిసి ఒక్కనాడూ పరుగెత్తలేదు. ఆ కథ చెప్పాలంటే ముందు నా కొలువుల గోల చెప్పాలి.

మాది సిరిసిల్ల. బాపు సాంచాలు నడిపేవాడు, మరమగ్గాలను మా దగ్గర అట్లనే అంటారు. నేను చదువుకొని హుజూరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. పెళ్ళయి మంచిర్యాల వచ్చాక ఇక్కడో బడిలో చేరాను. కరోనాలో ఆ బడి మూతపడింది. తర్వాత బట్టల షాపులో చీరలు చూపించే పని దొరికింది. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి, గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోకూడదు. ఇంటికి వచ్చేసరికి పాదాలు పొంగి చెప్పుల్లోంచి బయటికి వచ్చేవి కావు. మా ఆయన శ్రీనివాస్‌కు బొగ్గు బాయిలో రాత్రి డ్యూటీ. బిడ్డ అఖిలకు అప్పుడు నాలుగేళ్ళు. ఒక రోజు పొద్దున్నే బయటి మెట్టు మీద కూర్చొని ఏడుస్తున్నాను. ఎందుకని అడిగితే చెప్పడానికి కారణం కూడా లేదు, ప్రాణం విసిగిపోయింది, అంతే.

అదే సమయానికి గ్రేసమ్మ టీచర్ గేటు తీసుకొని లోపలికి వచ్చింది. యాభై ఏడేళ్ళ మనిషి. పాత పంజాబీ డ్రెస్సు, చున్నీ నడుముకు బిగించి కట్టుకొని, కాళ్ళకు తెల్ల కాన్వాస్ బూట్లు. ఆమె మిషన్ బడిలో ఆటల టీచర్‌గా పనిచేసిందని, ఆ బడి పోయాక కుట్టుమిషన్ పట్టిందని, తర్వాత ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రోగుల్ని చూసుకునే ఆయాలకు పెద్దగా చేరిందని నాకు తెలుసు. పొద్దున పరుగెత్తి వస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది. నా ముందు నిలబడి నా ముఖం చూడలేదు, పాదాలు చూసింది.

"నిలబడ్డ కాళ్ళు గిట్లనే అయితయ్ బిడ్డా. రేపటి నుంచి ఉరుకు," అంది.

నాకు ఒళ్ళు మండింది. "కూసుందామంటే టైం లేదు టీచర్, ఉరుకుమంటవా? ఇంట్ల పసిపిల్లను వదిలిపెట్టి యాడికి ఉరకాలె?"

"నేనుంట గద. నువ్వు పోయిన్నాడు నేను కూసుంట, నేను పోయిన్నాడు నువ్వు కూసో. నాకు గూడ ఇంట్ల ఒక మనిషి ఉన్నడు. ఆయన నిద్రల ఉన్నప్పుడే ఇన్నాళ్ళు దొంగలెక్క ఉరికి వస్తున్న. పానం ఇంటికాడనే కొట్టుకుంటది."

అట్లా కుదిరింది మా ఒప్పందం. సోమ, బుధ, శుక్రవారాలు ఆమెవి. మంగళ, గురు, శనివారాలు నావి. ఐదింటికి బయలుదేరాలి, ఆరుంబావుకు గేటు దగ్గర ఉండాలి. రెండు పోర్షన్లకూ మధ్య ఒకటే మెట్టు. దాని మీద కూర్చుంటే ఇటు మా అఖిల కదిలినా, అటు దానియేలు కాక మూలిగినా వినబడుతుంది. ఆదివారం ఎవరికీ పరుగు లేదు, ఆ రోజు ఆమెకు చర్చి. మొదటి రోజు నేను వీధి చివరి దాకా ఉరికి, ఊపిరాడక కరెంటు స్తంభం పట్టుకొని నిలబడ్డాను. ఆ మాట చెబితే ఆమె నవ్వలేదు. పరుగెత్తేటప్పుడు నోట్లో పరలోక ప్రార్థన చెప్పుకుంటానని, అది తెగకుండా మొదటి నుంచి చివరి దాకా వస్తే జోరు సరిగ్గా ఉన్నట్టని, మధ్యలో తెగితే ఎక్కువైనట్టని చెప్పింది. నాకు ఆ ప్రార్థన రాదన్నాను. "నీకేదొస్తే గది చదువు, ఊపిరికి మతమేంది," అంది. నేను లెక్కల టీచర్ని కదా, పదిహేడో ఎక్కం ఎత్తుకున్నాను. పదిహేడు ఏడులు నూటపందొమ్మిది దగ్గర రోజూ తెగేది. అది తెగకుండా ఇరవై దాకా పోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మా ఇంట్లో దీన్ని ఎవరూ మెచ్చలేదు. శ్రీనివాస్ డ్యూటీ దిగి వచ్చి నా బూట్లు చూసి, "నిద్రపొమ్మని వదిలిపెడితే నిద్రపోవు, నీకేమన్న అయిందా?" అన్నాడు. కోపం కాదు, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. సిరిసిల్లకు ఫోన్ చేస్తే బాపు, "ఉరుకుడేంది బిడ్డా, ఎవలన్న తరుముతుండ్రా?" అన్నాడు. నలభై ఏళ్ళు సాంచాల మధ్య పన్నెండేసి గంటలు నడిచిన మనిషికి ఊరికే పరుగెత్తడం ఎట్లా చెప్పాలో నాకూ తెలియలేదు. ఆ సందేహమే ఒకసారి టీచర్‌ను అడిగాను, నువ్వెందుకు ఉరుకుతున్నవని. ఆమె కాక బట్టలు పిండుతూ, "గంటసేపు నన్ను ఎవ్వలు పిలువరు బిడ్డా," అని, పిండిన లుంగీని దులిపి తీగ మీద వేసింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పరుగు మొదలుపెట్టిన ఏడాదికి నాకు బలం వచ్చింది, బలంతో పాటు పొగరూ వచ్చింది. బట్టల షాపు మానేసి ఒక ల్యాబులో రిసెప్షన్‌లో చేరాను, కూర్చొనే పని కాబట్టి కాళ్ళు తేలికయ్యాయి. ఒక గురువారం మామూలుగా మళ్ళాల్సిన పెట్రోల్ బంకు దగ్గర మళ్ళలేదు. ఎక్కం తెగడం లేదు, కాళ్ళు ఆగడం లేదు. గోదావరి బ్రిడ్జి దాకా పోయాను. అక్కడ నిలబడి నీళ్ళు చూస్తూ, ఇంత దూరం వచ్చింది నేనేనా అని మురిసిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు కాళ్ళు పట్టేశాయి. సగం నడిచాను, సగం ఈడ్చుకుంటూ వచ్చాను. గేటు తీసేసరికి ఏడు దాటింది.

మెట్టు మీద ఎవరూ లేరు. మా ఇంట్లో అఖిల లేదు. పక్కింట్లోకి పోయి చూస్తే దానియేలు కాక నేల మీద పడి ఉన్నాడు, తల కింద దిండు ఉంది. గ్రేసమ్మ టీచర్ ఆయన పక్కనే గోడకు ఆనుకొని కూర్చుంది, ఆమె ఒళ్ళో జ్వరంతో మా అఖిల. పిల్ల నిద్రలేచి ఏడుస్తుంటే ఎత్తుకోవడానికి ఈమె మా ఇంట్లోకి వచ్చిందట, అప్పుడే ఆయన ఒక్కడే లేవబోయి మంచం మీది నుంచి పడ్డాడట. పిల్లను దించితే పిల్ల ఏడుస్తుంది, దించకుండా ఆయన్ను లేపలేదు. ముప్పావుగంట అట్లనే కూర్చుంది. ఏడింటికి ఆమె ఆస్పత్రిలో ఉండాలి. ఇద్దరం కలిసి కాకను మంచం మీదికి ఎక్కించాం. దెబ్బలేమీ తగల్లేదు. నాకు నోరు ఆగదు కదా, ఆ కంగారులోనే, "బ్రిడ్జి దాక పోయిన టీచర్," అనేశాను.

ఆమె గొంతు పెంచలేదు. "ఎంత దూరం పోయినవని ఎవలడిగిండ్రు? ఎప్పుడొస్తనని చెప్పినవ్?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజంతా ల్యాబులో వచ్చినవాళ్ళ పేర్లు తప్పులు రాశాను. ఇక పరుగూ లేదు, ఏమీ లేదనుకున్నాను. శుక్రవారం ఆమె పోలేదు. శనివారం ఐదింటికి నేను తలుపు తీయకుండా పడుకున్నాను. తలుపు కొట్టి ఆమే లేపింది. అప్పటికే ముఖం కడుక్కొని, చెద్దరు కప్పుకొని మెట్టు మీద కూర్చుంది. "పో. ఆరుంబావుకు రా," అంది. అంతకు మించి ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

తర్వాత నేను హైదరాబాద్ పోయి ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ఒకటి, మరుసటి ఏడు నలభై రెండు కిలోమీటర్లది ఒకటి పూర్తి చేశాను. ఆమెనూ రమ్మని బతిమాలాను. అవన్నీ ఆదివారం పొద్దునే పెడతారు. "ఆదివారం దేవునిది. సోమవారం పెట్టుమను, వస్త," అని నన్నే ఆటపట్టించింది. నాకు మాత్రం ఒకటే కోరిక ఉండిపోయింది. పోటీ లేకున్నా సరే, ఒక్కసారి ఆమె పక్కన పరుగెత్తాలి. ఆమె అడుగు ఎట్లా వేస్తుందో చూడాలి. ఆమె పోవడం చూశాను, రావడం చూశాను, మధ్యలో ఆమె ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఆ మాట చెబితే, "ఇద్దరం పోతే కూసునేదెవలు?" అనేది.

మూడో ఏడు చలికాలంలో దానియేలు కాక పోయాడు. చర్చివాళ్ళు వచ్చారు, పాటలు పాడారు, ఓదార్పు కోసం ఆదరణ కూడిక పెట్టారు. అందరూ పోయాక ఆమె ఇల్లు ఊడ్చి, ఆ నూనె సీసా మూత గట్టిగా బిగించి మంచం కింద పెట్టింది. నలభై రోజులు గేటు దాటి బూట్లతో బయటికి రాలేదు. ఆస్పత్రి పని కూడా మానేసింది. అన్నం వండుకుంటుందో లేదో తెలియదు, నేను ఇచ్చిన గిన్నెలు సగం నిండుగానే తిరిగి వచ్చేవి. సరిగ్గా అప్పుడే నాకు ఆదిలాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో కాంట్రాక్టు కొలువు వచ్చింది. వారంలో చేరాలి. అఖిలను శ్రీనివాస్ చూసుకుంటానన్నాడు, డ్యూటీ పొద్దుటికి మార్పించుకున్నాడు. ఈ మనిషిని ఇట్లా వదిలిపెట్టి ఎట్లా పోవాలన్నదే నా పరేషాన్.

బయలుదేరే ముందు రోజు ఐదింటికి బూట్లు వేసుకొని ఆమె తలుపు కొట్టాను. "టీచర్, ఇగ కూసునే పని లేదు గద. ఇయ్యాల ఇద్దరం పోదాం," అన్నాను. ఎంత మొరటు మాట అన్నానో అన్నాకే తెలిసింది. ఆమె లోపలికి పోయి బూట్లు తొడుక్కొని వచ్చింది. నాకు సంతోషం వేసింది, దాచడమెందుకు. ఇద్దరం గేటు దాకా వచ్చాం. నేను గేటు దాటాను. ఆమె గేటు మీద చేయి వేసి ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది.

"పోబుద్ధి అయితలేదు రజితా," అంది. "ఇంట్ల ఎవలు లేకుంటే ఇగ ఏడింటికొస్తేంది, ఎనిమిదింటికొస్తేంది, రాకుంటేంది?"

ఆ చివరి మాటకు నేను వెనక్కి మళ్ళాను. ఆమె ముఖం కేసి చూశాను. మామూలుగా అన్న మాట కాదది. నేను లోపలికి వచ్చి, మెట్టు మీద కూర్చొని, బూట్ల తాళ్ళు విప్పేశాను.

"నువ్వు పో టీచర్. నేనుంట."

"ఎవలకు కావలుంటవ్ బిడ్డా? ఇంట్ల మనిషి లేడాయె."

"నీకే. ఆరుంబావుకు రా."

ఆమె మెట్టు వైపు, నేను విప్పిన బూట్ల వైపు చూసింది. తర్వాత చున్నీ నడుముకు బిగించుకొని పోయింది. నేను కూర్చున్నాను. ఆమె ఇంట్లో ఎవరూ లేరు, మా ఇంట్లో తండ్రీబిడ్డలు నిద్రలో ఉన్నారు, నా కాపలాతో ఎవరికీ అవసరం లేదు. పాలవాడు పోయాడు. చలికి చేతులు కొంకర్లు పోయాయి. ఆమె రాకపోతే అన్న భయంతో ఆరు దాటాక రెండుసార్లు లేచి గేటు దాకా పోయి చూశాను. ఆరూ పదమూడుకు వీధి మలుపులో ఆమె కనబడింది. మెల్లగా వస్తోంది, పెదాలు కదులుతున్నాయి. గేటు తీసుకొని వచ్చి, ఊపిరి కూడదీసుకోకముందే, మూడేళ్ళుగా వచ్చీరాగానే కాక గురించి అడిగే మాటే నోటి అలవాటుగా అడిగేసింది.

"పిలిచిండా?"

అడిగాక ఆమెకే తెలిసింది. నా వైపు చూసింది. నేను మూడేళ్ళుగా చెప్పే జవాబే చెప్పాను. "లేదు టీచర్, పిలువలే." ఆమె నా పక్కన కూలబడి, కాక పోయిన నాటి నుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. ఆదివారం తప్ప రోజూ ఐదింటికి నాకు ఫోన్ చేసి పోతున్నానని చెప్పేది, ఆరుంబావుకు వచ్చానని చెప్పేది. ఆమెకు గుండెపోటు వచ్చిన రోజు నేను పరీక్షల డ్యూటీలో ఉన్నాను, సాయంత్రం బస్సు దిగేసరికి అంతా అయిపోయింది. ఇప్పుడు హాస్టల్లో నా గదిలో నేనొక్కదాన్నే ఉంటాను. కొలువు ఎన్నాళ్ళుంటుందో తెలియదు, మోకాలు నొప్పి, చాలా రోజులు లేవబుద్ధి కాదు. అయినా లేస్తాను. తాళం వేసే ముందు ఖాళీ గదిలోకి చూసి, ఆరుంబావుకు వస్తనని పైకే చెబుతాను. చెప్పిన టైముకు వచ్చేస్తాను.