చీటీ రాయని పాఠకులు

ఈజిప్టులో, దమన్‌హూర్ ఊళ్లో, మా కాలేజీ గ్రంథాలయం కింది గది ముప్ఫై ఒక్క ఏళ్లు ఫర్గలీ బాబాయ్ చేతిలో ఉంది. ఉద్యోగం పేరు అటెండరు. అదే కాలేజీలో నేను గ్రంథాలయ శాస్త్రం రెండో ఏడు మధ్యలో వదిలేసి, అదే గదిలో బైండింగు బల్ల దగ్గర చేరాను. చదువెందుకు మానేశావని ఆయన ఒక్కసారే అడిగాడు. విసుగొచ్చిందన్నాను. "సరే, జిగురు ఆరకముందే అతికించు," అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆయనకి చదువు ఆరో తరగతి దాకానే. సైన్యంలో మూడేళ్లు దుప్పట్ల గోదాములో పనిచేశాడట. ఏ వస్తువు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పడం అక్కడే అబ్బింది. పుస్తకాలు పెద్దగా చదివేవాడు కాదు. మొదటి పేజీ చదివి, ఇది ఫలానా వాళ్లకి నచ్చుతుంది అని పక్కన పెట్టేవాడు. నచ్చేది కూడా. అదే నాకు మంటగా ఉండేది, రెండేళ్లు పాఠాలు విన్నది నేను కదా.

కింది గదిలోకి చదివేవాళ్లు రాకూడదు. పై హాల్లో కూర్చుని చీటీ రాయాలి: పేరు, కార్డు నంబరు, పుస్తకం నంబరు, సంతకం. చీటీ కిందికొస్తే పుస్తకం పైకి వెళుతుంది. పుస్తకం పోతే అటెండరు జవాబు చెప్పుకోవాలి, ఎందుకంటే గదిలో ఉన్నదంతా అతని పేరు మీదే రాసి ఉంటుంది. ఈ భయంతో వేరే గ్రంథాలయాల్లో కొందరు తాళమే తీయరు. బాబాయ్ తీసేవాడు. తనకి తెలిసినవాళ్లని మాత్రం చీటీ అడిగేవాడు కాదు. రైల్వేలో సిగ్నల్ మనిషిగా రిటైరైన లబీబ్ గారు మెట్ల దగ్గర దగ్గితే చాలు, ఆయన పాత సముద్రయానాల పుస్తకం పైకి వెళ్లిపోయేది. దర్జీ బషందీకి బట్టల బొమ్మల పుస్తకం. నర్సింగ్ స్కూలు అమ్మాయికి పాత మందుల మొక్కల సంపుటం. అలాంటివాళ్లు నలభై మంది దాకా ఉండేవాళ్లు. చాలామందికి మా కాలేజీ కార్డే లేదు. ఇదేం పద్ధతి బాబాయ్ అంటే నా వైపు వింతగా చూశాడు. ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి పేరు రాయమంటామా, సిగ్గుండాలి అన్నాడు.

నగ్లా వచ్చింది అప్పుడే. గ్రంథాలయ శాస్త్రంలో ఎం.ఏ. పరిశోధన చేస్తోంది. కింది గది పుస్తకాలు ఎంత వాడకంలో ఉన్నాయి అనేది విషయం. పదేళ్ల చీటీలు కావాలంది. బాబాయ్ మురిసిపోయాడు. ఇన్నేళ్లలో తన గది గురించి ఎవరైనా అడగడం అదే మొదటిసారి. దారంతో కట్టిన చీటీల కట్టలు తనే మోసుకొచ్చేవాడు, ఎం.ఏ. పట్టా కూడా రాకముందే డాక్టరమ్మా అని పిలిచేవాడు. రెండు చలికాలాలు ఆ అమ్మాయి ఒక్కో చీటీ చూసి లెక్క రాసింది. మొత్తం ఆరువేల నాలుగు వందల పుస్తకాలు. వాటిలో నాలుగువేల పైచిలుకుకి పదేళ్లలో ఒక్క చీటీ కూడా లేదు.

ఆ పట్టిక మా పెద్దావిడ, డైరెక్టర్ ఇస్మత్ మేడమ్ కంట పడింది. ఆవిడకి కంప్యూటర్లు పెట్టుకోవడానికి ఎప్పట్నుంచో ఒక గది కావాలి. చదివేవాడు లేని పుస్తకాలు రద్దు చేసి పాత కాగితం కింద వేలం వేయండి అంది. జాబితా నా చేతికొచ్చింది, కట్టలు కట్టమని. బాబాయ్ కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ చదివాడు. రెండోది చదివాడు. మూడో పేజీలో వేలు ఆగింది.

"ఇది లబీబ్‌ది. నిన్ననే పైకెళ్లింది."

అప్పుడు గానీ మా ఇద్దరికీ బుర్రలోకి ఎక్కలేదు, ఏం జరిగిందో.

నగ్లా దగ్గరికి వెళ్లాం. పట్టా ఇచ్చే ముందు థీసిస్ మీద జరిపే చర్చ వచ్చే మంగళవారమే. వాళ్లమ్మ బంధువులందరికీ చెప్పేసింది, మిఠాయిలు కూడా పురమాయించింది. ఆ అమ్మాయి అంతా విని కుర్చీలో కూలబడింది.

"బాబాయ్, ఈ మాట రెండేళ్ల కిందట ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చీటీలు అడిగావు తల్లీ, ఇచ్చాను. మనుషుల్ని అడగలేదుగా."

ఆయన ఎత్తిపొడవలేదు. ఉన్నమాట అన్నాడు. అందుకే ఆ అమ్మాయికి ఇంకా గట్టిగా తగిలింది.

తర్వాత నాలుగు రోజులు బాబాయ్ కూర్చుని చీటీలు రాశాడు. ఎవరు, ఏ పుస్తకం, ఏ ఏడు, అన్నీ జ్ఞాపకం మీదే. ఎనిమిది వందలు దాటాయి. నగ్లా ముందు పెట్టాడు. ఆమె చేత్తో కూడా ముట్టుకోలేదు.

"ఇందులో ఒక్క అబద్ధం లేదు," అన్నాడు.

"తెలుసు బాబాయ్. అయినా ఇవి దొంగ కాగితాలే."

థీసిస్‌లో లోపాలు చెప్పే చోట రెండు వాక్యాలు రాస్తానంది. ఆ రెండు వాక్యాలు చదివి వేలం లారీ ఆగుతుందా అని బాబాయ్ అడిగాడు. ఆగదని ఆమెకీ తెలుసు. ఆగాలంటే బాబాయ్ తనే సంతకం పెట్టి రాసివ్వాలి, రూలు తప్పి పుస్తకాలిచ్చానని. అలా రాస్తే విచారణే. ఇంకా ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. రాయొద్దని ఆమె బతిమాలింది. నేనైతే తిట్టాను, పిచ్చి పట్టిందా ముసలోడా, నోరు మూసుకుని ఎనిమిది నెలలు గడిపెయ్ అని. ఆయన పెన్సిల్‌తో ఒకసారి రాసి, తప్పులు దిద్దమని నాకే ఇచ్చాడు. దిద్దాను. పెన్నుతో మళ్లీ రాసి మేడమ్‌కి ఇచ్చాడు.

వేలం ఆగింది. నగ్లా చర్చ ఆరు నెలలు వాయిదా పడింది, మళ్లీ సరిగ్గా లెక్క తీసి రమ్మన్నారు. వాళ్లమ్మ గ్రంథాలయం గేటు ముందు నిలబడి, నీ మర్యాదలు నువ్వు ఊరేగించుకుని మా పిల్ల నెత్తిన బండ వేశావు అని పదిమందిలో కడిగేసింది. బాబాయ్ తలొంచుకుని విన్నాడు. విచారణ కమిటీ తాళంచెవి లాక్కుని ఆయన్ని గేటు దగ్గర సంచులు వెతికే పనికి వేసింది. చీటీ, కార్డు లేకుండా ఒక్క పుస్తకం కదలకూడదని కొత్త ఆర్డరు అంటించారు.

లబీబ్ గారు వచ్చి మెట్ల దగ్గర దగ్గారు. కొత్త అటెండరు చీటీ ముందుకు తోశాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బయటికి నడిచారు.

గేటు దగ్గర బాబాయ్ ఆపాడు. "ఒక్క పేరేగా, రాస్తే పోదా?"

"ఇరవై ఏళ్లుగా వస్తున్నా ఫర్గలీ. వాడు నన్ను ఎవరు నువ్వు అన్నాడు."

మళ్లీ రాలేదు. బషందీ రెండుసార్లు వచ్చి మానేశాడు. నర్సింగ్ అమ్మాయి చీటీ రాసింది గానీ మా కాలేజీ కాదని తిప్పి పంపేశారు. మనుషుల్ని అడుగుదామని నగ్లా ఈసారి రోజూ పై హాల్లో కూర్చుంది, అడగడానికి మనుషులుంటేగా. ఆరు నెలలకి ఆ నాలుగువేల పుస్తకాలకీ కలిపి పంతొమ్మిది చీటీలు తేలాయి.

ఆ కాగితం పట్టుకుని ఆమె గేటు దగ్గరికి వచ్చింది. ఇది రాయనా వద్దా అని బాబాయ్‌నే అడిగింది. ఆయన కాగితం చదివి తిరిగి ఆమె చేతికిచ్చాడు.

"రాయి తల్లీ. ఈసారి ఒక్క దొంగ కాగితం లేదు."

రాసింది. పట్టా వచ్చింది, వేలం ఆర్డరూ మళ్లీ వచ్చింది. కట్టలు నేనే కట్టాను. లారీ గురువారం పొద్దున వచ్చింది. గేటు దాటే సామాను లెక్కపెట్టి సంతకం చేయాల్సింది గేటు మనిషే గనక బాబాయ్ ఒక్కో కట్టనీ ఆపి, పైనున్న పుస్తకం పేరు చదివి, ఎవరిదో చెప్పి వదులుతున్నాడు. డ్రైవరుకి ఒళ్లు మండింది. "ఏం హాజీ, కూతుళ్లని అత్తారింటికి పంపుతున్నావా? కానీ త్వరగా."

బాబాయ్ వినిపించుకోలేదు. "ఇది దర్జీది," అన్నాడు. తర్వాతి కట్ట మీద చెయ్యి వేశాడు.